వాట్లు చూసి కొంటే వెలుగు రాదు

చిక్కబళ్లాపురం వైపు గానీ, హోసూరు చుట్టుపక్కల గానీ రాత్రి బస్సులో పోతుంటే రోడ్డు పక్క చేలల్లో వరసకట్టి బల్బులు వెలుగుతూ కనిపిస్తాయి. తెలియనివాళ్లు పెళ్లి పందిళ్లనుకుంటారు. అవి చామంతి తోటలు. పగలంతా ఎండ కాసే నేల మీద రాత్రి దీపాలు పెట్టి పంట తీయడం మన సరిహద్దు రైతులకు కొత్త కాదు. ఇప్పుడా దీపం పొలం దాటి ఇంట్లోకి వచ్చింది. బెంగళూరు అపార్టుమెంట్లలో మనవాళ్ల పిల్లలు చిన్న గుడ్డ గుడారం, అందులో ఒక లైటు, నాలుగు ట్రేలు పెట్టుకుని ఆకుకూరలు పెంచుతున్నారు. కోలారు, శ్రీనివాసపురం వైపు టమాటా నారు పోసే నర్సరీలవాళ్లూ లైట్ల గురించి వాకబు చేస్తున్నారు.

గిరాకీ పెరిగితే వ్యాపారం పెరుగుతుంది. అందులో తప్పులేదు. దాంతోపాటు మాయమాటలు పెరగడమే తప్పు. మొక్కల దీపం అని అమ్ముతున్న సరుకులో ఏది ఎంత వెలుగిస్తుందో కొనేవాడికి విడమర్చి చెప్పే నాథుడు లేడు. పెట్టె మీద ఇంగ్లీషు, లేదంటే చైనా రాత. దుకాణంలో అడిగితే 'ఇది బాగా పోతోంది, తీసుకోండి' అన్నదే జవాబు. పోయేది కొనేవాడి డబ్బు, పంట, ఒక్కోసారి ప్రాణం కూడా. కాబట్టి అమ్మేవాడు లెక్క రాయాలి, ఆఫీసువాళ్లు ఆ లెక్కను రైతు ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పాలి. ఈ మాట గట్టిగా అడగాల్సిన సమయం వచ్చింది.

తిండికా, కబురుకా?

మొక్కకు దీపం రెండు పనులకు పెడతారు. ఒకటి తిండి పెట్టడానికి, రెండోది కబురు చెప్పడానికి. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లే సగం డబ్బు వృథా అవుతోంది.

చామంతి తోటలో బల్బు చేసేది కబురు చెప్పే పని. చామంతిలో ఎక్కువ రకాలు రాత్రి పొడవును చూసుకుని మొగ్గ తొడుగుతాయి. మనవైపు రాత్రులు ఏడాది పొడవునా పెద్దవే. బెంగళూరు దగ్గర జూన్ నెలలో వచ్చే అతి పొడవైన పగలు కూడా 13 గంటలు నిండదు. అందుకే దీపం లేకపోతే మొక్క ఒళ్లు చేయకముందే మొగ్గ వేస్తుంది. కాడ పొట్టిగా ఉంటుంది, దిగుబడి పడిపోతుంది. రాత్రి 10 గంటల నుంచి 2 దాకా బల్బులు వేస్తే ఒక పొడవాటి రాత్రి రెండు పొట్టి రాత్రులవుతుంది. మొక్క మొగ్గ మాట మరచి ఎదుగుతుంది. దీపాలు ఆపాక రకాన్ని బట్టి కొన్ని వారాలకు పూలొస్తాయి. వరలక్ష్మీ వ్రతానికా, ఆయుధ పూజకా, దీపావళికా అన్నది రైతు వెనక్కి లెక్కగట్టి దీపం ఆపే రోజు నిర్ణయించుకుంటాడు.

ఈ గుట్టు కొత్తదేమీ కాదు. పగటి పొడవుకూ పూతకూ ఉన్న సంబంధాన్ని అమెరికాలో గార్నర్, అలార్డ్ 1920లోనే బయటపెట్టారు. మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రినే అని 1938లో హామ్నర్, బోనర్ చూపించారు. రాత్రిని విడగొట్టడంలో ఎర్ర వెలుగే గట్టిదని 1952 నాటికి బెల్ట్స్‌విల్‌లో తేల్చారు. మన రైతుకు ఇందులో పనికొచ్చేది ఈ చివరి మాట. తోటకు ఎల్.ఇ.డి. బల్బు కొనేటప్పుడు తెల్లగా మెరిసే కూల్ వైట్ కంటే పసుపు ఛాయ ఉన్న వార్మ్ వైట్ మేలు. అందులో ఎరుపు పాలు ఎక్కువ. కంటికి తెల్లది ప్రకాశంగా తోస్తుంది గానీ, మొక్క కన్ను వేరు.

కబురుకు ఎక్కువ వెలుగు అక్కర్లేదు. మొక్క కొసల మీద 100 లక్సు దాకా పడితే చాలన్నది వాడుకలో ఉన్న లెక్క. పది అడుగులకొక బల్బు చొప్పున అటూ ఇటూ కడితే ఎకరాకు సుమారు 435 బల్బులు పడతాయి. 9 వాట్ల ఎల్.ఇ.డి. ఒక్కోటి 900 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, వెలుగంతా సమానంగా పరుచుకున్నా దాదాపు 97 లక్సే వస్తుంది. బల్బు కింద ఎక్కువ, రెండు బల్బుల నడుమ తక్కువ ఉంటుంది కాబట్టి అంతకంటే దూరం పెట్టడం మంచిది కాదు. కరెంటు లెక్క చూడండి. ఇవి నాలుగు గంటలు వెలిగితే రాత్రికి 16 యూనిట్లకు లోపే. అదే పాత 60 వాట్ల పీచు బల్బులైతే 104 యూనిట్లు. ఇంత తేడా ఉన్నప్పుడు తోటకు ఖరీదైన 'గ్రో లైటు' కొనమని చెప్పేవాడిని నమ్మక్కర్లేదు. మంచి వార్మ్ వైట్ ఇంటి బల్బు చాలు. గులాబీ తోటకైతే ఈ పద్ధతే వర్తించదు. గులాబీ రాత్రి పొడవు చూసి పూసే మొక్క కాదు.

గుడారంలో లెక్క వేరు

గదిలో, గుడారంలో పెంచే మొక్కకు ఎండ లేదు. అక్కడ దీపమే తిండి. కబురు చెప్పే బల్బు అక్కడ పస్తులు పెడుతుంది. నారు సన్నగా, పాలిపోయి, సాగిపోయి పడిపోయిందంటే తిండి చాలలేదని అర్థం. ఎరువు వేస్తే అది తీరదు.

మరి ఎంత వెలుగు కావాలి? ఇక్కడ లక్సూ ల్యూమెనూ పూర్తిగా నమ్మదగ్గ కొలతలు కావు. అవి మనిషి కంటికి పెట్టిన కొలతలు. మొక్కకు కావాల్సింది ఆకు మీద సెకనుకు ఎన్ని కాంతి కణాలు పడుతున్నాయన్నది. దాన్ని మైక్రోమోళ్లలో చెబుతారు. నడి మధ్యాహ్నపు ఎండలో చదరపు మీటరుకు సెకనుకు దాదాపు 2,000 మైక్రోమోళ్లు పడతాయి. ఆకుకూరలకు అంత అక్కర్లేదు. 200 పడేలా చూసి రోజుకు 16 గంటలు వెలిగిస్తే సరిపోతుంది.

రెండడుగులకు రెండడుగుల గుడారం తీసుకుందాం. నేల 0.37 చదరపు మీటరు. 200 చొప్పున 74 మైక్రోమోళ్లు ఆకుల మీద పడాలి. గోడలకు, మూలలకు పోయేది పోగా దీపం నుంచి 100 దాకా బయటికి రావాలి. నేడు దొరికే మంచి ఎల్.ఇ.డి. మొక్కల దీపం ఒక్కో వాటుకు 2.5 మైక్రోమోళ్లు ఇస్తుంది. అంటే 40 వాట్లు చాలు. నెలకు 19 యూనిట్లు. అంత డబ్బు పెట్టలేనివాళ్లు 9 వాట్ల ఇంటి బల్బులే ఎనిమిది దగ్గర దగ్గరగా బిగించుకున్నా ఇంచుమించు అంతే వెలుగొస్తుంది. కరెంటు మాత్రం 72 వాట్లు కాలుతుంది. ఎక్కడ ఆదా చేసుకోవాలో ఎవరికి వాళ్లు తేల్చుకోవచ్చు. లెక్క చేతిలో ఉంటే మోసపోయే అవసరం ఉండదు.

మోసం ఎక్కడుందంటే, పెట్టె మీద '1000' అని కొట్టొచ్చేట్టు అచ్చేస్తారు. ప్లగ్గులో పెట్టి మీటరు చూస్తే 100 వాట్లు లాగుతుంటుంది. అడిగితే అది 'అంతకు సమానం' అంటారు. దేనికి సమానమో చెప్పరు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నది ఇలాంటివాటికే. ఇంకో మాయ, ఊదారంగు వెలుగు. ఎరుపు, నీలం మాత్రమే మొక్క తింటుందని, మిగతాది దండగని అమ్మేవాళ్ల పాఠం. ఆకుపచ్చ వెలుగును కూడా ఆకు వాడుకుంటుందని మెక్రీ 1972లోనే కొలిచి చూపించాడు. పైగా ఊదా వెలుగు కింద ఆకు మీద మచ్చ వచ్చినా, పురుగు పట్టినా కంటికి ఆనదు. మామూలు తెలుపు దీపంలో రోగం కనిపిస్తుంది. చిన్నగా పెంచుకునేవాడికి అదే పెద్ద లాభం.

గంజాయి నీడ

ఈ గుడారాలు, దీపాలు ఎక్కడి నుంచి వచ్చాయో దాచుకోవడం ఎందుకు? విదేశాల్లో ఈ సరంజామా మార్కెట్టును పెంచినవాళ్లలో గంజాయి సాగుదారులు ముందున్నారు. గంజాయి కూడా చామంతిలాగే పొడవాటి రాత్రి వస్తే పూతకొచ్చే జాతి. అందుకే చీకటి గుడారం, గడియారం పెట్టిన దీపం. కెనడాలో 2018 అక్టోబరు నుంచి ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చని దేశపు చట్టం చెబుతోంది. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు మూడు మొక్కలు పెంచుకోవచ్చు. అక్కడివాళ్ల సలహాలు ఇంగ్లీషులో చదివి ఇక్కడి కుర్రాళ్లు అదే మన దగ్గరా చెల్లుతుందనుకుంటే కొంప మునుగుతుంది.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 20వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. మొక్క ఇంట్లో ఉందా, చేలో ఉందా అన్న తేడా లేదు. ఉత్తరాఖండ్ 2018లో అనుమతులు మొదలుపెట్టింది నారకోసం, మత్తు అతి తక్కువ ఉన్న రకాలకు, లైసెన్సు మీద. ఇంటి గుడారానికి కాదు. 2023లో శివమొగ్గలో అద్దె ఇంట్లో గంజాయి పెంచుతున్నారని పోలీసులు పట్టుకున్నవాళ్లలో వైద్య విద్యార్థులున్నారు. తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి పైచదువుకు పంపిన పిల్లలు మన ఊళ్లలోనూ ఎందరో ఉన్నారు. ఈ ముక్క వాళ్ల చెవిన పడాలి.

అలాగని గుడారం కొన్న ప్రతివాడినీ దొంగను చూసినట్టు చూడటం కూడా సరికాదు. మెంతికూర పెంచుకునే ఇల్లాలికి, నారు పోసే నర్సరీ అతనికి ఆ దీపంతో నిజాయితీ గల పని ఉంది. చట్టం మొక్కను చూడాలి, దీపాన్ని కాదు. వాడుక ఇదీ, నిషేధం అదీ అని ముందే తెలియజెబితే ఇద్దరికీ బాధ తప్పుతుంది.

ఏం చేయాలి?

మొదటిది, మొక్కల దీపం పేరుతో అమ్మే ప్రతి పెట్టె మీద మూడు అంకెలు ఉండాలి. ప్లగ్గు దగ్గర నిజంగా ఎన్ని వాట్లు లాగుతుంది, సెకనుకు ఎన్ని మైక్రోమోళ్లు ఇస్తుంది, ఎంత ఎత్తున కడితే ఎంత మేర పడుతుంది. ఈ మూడూ లేని పెట్టెను దుకాణదారు అమ్మకూడదు, మనం కొనకూడదు.

రెండోది, వెలుగు కొలిచే మీటరు. దాన్ని ఒక్కో రైతు కొనుక్కోలేడు, కొనక్కర్లేదు కూడా. తాలూకా తోటగారికె ఆఫీసులో ఒకటి, చింతామణి కురుబూరు, కోలారు తమక కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఒక్కోటి ఉంచి రైతుకు ఒక పూట ఇస్తే చాలు. హోసూరు వైపు తోట్టక్కలై ఆఫీసులోనూ అంతే. ట్రాక్టరు, స్ప్రేయరు అద్దెకిచ్చే రోజుల్లో ఇదేం పెద్ద కోరిక కాదు.

మూడోది, కరెంటు జాగ్రత్త. తడి చేలో అతుకుల తీగలు, నీళ్లు దిగే హోల్డర్లు మనుషుల్ని మింగుతాయి. బోర్డు దగ్గర ఇ.ఎల్.సి.బి. లేకుండా చేలో దీపాలు వేయకూడదు. పంపుసెట్టుకిచ్చిన కనెక్షన్ మీద దీపాలు వేసుకోవచ్చో లేదో నోటిమాట మీద వదలక, సెక్షన్ ఆఫీసులో అడిగి కాగితం మీద రాయించుకోవాలి. రేపు పెనాల్టీ పడితే నోటిమాట అన్నవాడు కనబడడు.

నాలుగోది భాష. బాగేపల్లి, ముళబాగిలు, బేరికె, తళి వైపు రైతు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడమో తమిళమో. ఆఫీసు కాగితం రాష్ట్ర భాషలో ఉండటాన్ని ఎవరూ తప్పుపట్టరు. పక్కనే తెలుగులో ఒక పేజీ వేయమంటే 'అన్ని భాషల్లో ఎక్కడ అచ్చేస్తాం' అంటారు. ఓట్ల సమయంలో ఇవే ఊళ్లలో తెలుగులో మైకులు మోగుతాయి. ఓటుకు పనికొచ్చే భాష పంటకు పనికిరాదా? ఒకే ఒక్క పేజీ. అందులో దీపం ఎన్ని గంటలు, ఎంత ఎత్తు, ఏ రంగు, ఏది చట్టానికి విరుద్ధం అని నాలుగు ముక్కలుంటే చాలు.

అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. దుకాణంలో దీపాన్ని వెలిగించి చూపమనండి, లాగే వాట్లు కొలిచి చూపమనండి. పోయిన ఏడు అదే లైటు కొన్న రైతు చేను చూసి రండి. కొలిచి చూపడానికి ఇష్టపడని దుకాణం మెట్లు దిగి వచ్చేయండి. బియ్యం కొనేటప్పుడు కాటా చూస్తాం. వెలుగు కొనేటప్పుడు కూడా కాటా అడగడం మన హక్కు.