హోమ్ రన్లకు హద్దు ఉండాల్సిందే



మా ఊరి సాఫ్ట్‌బాల్ లీగులో హోమ్ రన్ల మీద ఉన్న పరిమితిని ఎత్తేయాలని ఒక పాఠకుడు పోయిన సంచికలో రాశారు. బలంగా కొట్టగలిగినవాడి చేతులు కట్టేయడం అన్యాయమని ఆయన బాధ. డాలస్ శివార్లలోని అదే లీగులో నేను పదకొండేళ్లుగా ఆడుతున్నాను. వచ్చే సీజను మొదలయ్యే ముందు కెప్టెన్లందరూ కూర్చుని ఈ విషయం మీద ఓటు వేయబోతున్నారు. అందులో మన తెలుగువాళ్ల జట్లు నాలుగు ఉన్నాయి. అందుకే ఈ మాట మీ పత్రికలోనే చెప్పాలనిపించింది.

ఈ ఆట చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మేం ఆడేది స్లో పిచ్. పిచర్ బంతిని చెయ్యి కిందనుంచి, గాలిలోకి లేపి, మెల్లగా వేస్తాడు. యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ నిబంధనల ప్రకారం ఆ బంతి కనీసం 6 అడుగుల ఎత్తు లేవాలి, 10 అడుగులు దాటకూడదు. అలా దిగే బంతికి బ్యాటు తగిలించడం ఎవరికైనా సాధ్యమే. ఆఫీసు నుంచి నేరుగా వచ్చి షూ మార్చుకునే నలభై ఏళ్లవాళ్లు, యాభై ఏళ్లవాళ్లు ఈ ఆట ఆడగలుగుతున్నది అందుకే. అయితే ఆ సులువే, చేతిలో మంచి కాంపోజిట్ బ్యాటు ఉన్న బలశాలికి మరీ సులువైపోతుంది. మూడు వందల అడుగుల దూరంలో ఉన్న ఫెన్స్ అతనికి అడ్డే కాదు. అందుకని మా లీగులో జట్టుకు మ్యాచికి మూడు హోమ్ రన్లని లెక్క పెట్టుకున్నాం. నాలుగోసారి ఫెన్స్ దాటిస్తే పరుగు రాదు, బ్యాటర్ ఔట్.

బేస్‌బాల్‌లో లేని హద్దు ఇక్కడెందుకని ఆ పాఠకుడి ప్రశ్న. సాఫ్ట్‌బాల్ పుట్టిందే హద్దుల్లో. 1887లో షికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్బులో, జార్జ్ హాంకాక్ అనే ఆయన బాక్సింగ్ గ్లవ్‌ను తాడుతో బిగించి బంతి చేసి, చీపురు కర్రను బ్యాటు చేసి ఆడించిన ఆట ఇది. పెద్ద మైదానంలో ఆడేదాన్ని నాలుగు గోడల మధ్యకు తెచ్చుకున్నారు. బంతిని మెత్తగా చేసుకున్నదీ, బలాన్ని తగ్గించుకున్నదీ అందరూ కలిసి ఆడుకోవడానికే. షికాగోలో ఇవాళ్టికీ 16 అంగుళాల చుట్టుకొలత ఉన్న పెద్ద బంతితో, గ్లవ్ లేకుండా వట్టి చేతులతో ఆడేవాళ్లున్నారు. ఆ ఆటను చిన్నచూపు చూసేవాళ్లెవరినీ నేను ఇంతవరకు చూడలేదు.

మనకూ ఇది తెలియనిదేం కాదు. గుంటూరు బ్రాడీపేట సందులో మేం క్రికెట్ ఆడేటప్పుడు ఎదురింటి మేడ మీద బంతి పడితే ఔట్. ఆ నియమం పెద్దవాళ్లెవరూ పెట్టలేదు, మేమే పెట్టుకున్నాం. ఉన్నది ఒక్క బంతి. అది పోతే ఆ సాయంత్రం ఆటే ఉండదు. మాలో బాగా కొట్టేవాడు ఆ నియమం వల్ల కొట్టడం మానలేదు. బంతిని నేల మీద రెండు స్కూటర్ల సందులోంచి పంపడం నేర్చుకున్నాడు.

నాలుగేళ్ల కిందట మా లీగులో ఒక సీజను పరిమితి లేకుండా నడిచింది. ఆ వేసవిలో జరిగిన ఒక మ్యాచ్ నాకు బాగా గుర్తుంది. మాకు గంట సమయమే ఇస్తారు. ఆ గంటలో ముప్ఫై అయిదు నిమిషాలు అవతలి జట్టు మొదటి ఇన్నింగ్స్‌కే పోయాయి. బంతి వెంట బంతి పార్కింగ్ లాట్‌లో పడుతోంది. స్లో పిచ్‌లో ఫీల్డింగ్‌కు పదిమంది ఉంటారు. ఆ పదిమందీ తలెత్తి చూడటం తప్ప చేసిందేమీ లేదు. మా లెఫ్ట్ ఫీల్డర్ ఫోర్ట్‌వర్త్ నుంచి ట్రాఫిక్‌లో గంటన్నర కారు నడుపుకుంటూ వచ్చాడు. ఆ రాత్రి అతని గ్లవ్‌కు ఒక్క బంతి కూడా తగల్లేదు. బ్యాటింగ్ మాత్రం ఒక్కసారి వచ్చింది. తరువాతి సీజనుకు రెండు జట్లు పేర్లు ఇవ్వలేదు, అందులో ఒకటి మనవాళ్లదే. లీగు ఫీజు అందరం సమానంగానే కడతాం. ఆటలో అందరికీ ఎంతో కొంత పని ఉండాలని కోరడం తప్పా?

ఆ లేఖలో నన్ను నిజంగా ఆలోచింపజేసిన మాట ఒకటుంది. పరిమితి అయిపోయాక బలమైన బ్యాటర్లు బంతిని పైకి లేపకుండా, పిచర్ మీదుగా తాళ్లు లాగినట్టు లైన్ డ్రైవ్‌లు కొడతారని, అది ప్రమాదమని ఆయన అన్నారు. ఆ భయం నిజమైనదే. హోమ్ ప్లేటుకు పిచర్ నిలబడే చోటు 50 అడుగుల దూరం. యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ బ్యాట్లకు పెట్టిన ప్రమాణంలో, తగిలిన బంతి వేగం గంటకు 98 మైళ్లు మించకూడదు. ఆ వేగంతో వస్తే పిచర్‌ను చేరడానికి సెకనులో మూడో వంతు చాలు. లోపలి గోడ గీకి పల్చన చేసిన దొంగ బ్యాటయితే అంత వ్యవధి కూడా ఉండదు. రెండేళ్ల కిందట మా పిచర్‌కు అలాంటి బంతే తగిలి చెంప ఎముక విరిగింది. ఆసుపత్రికి తీసుకువెళ్లింది నేనే. దారి పొడుగునా అతను ఒక చేత్తో ముఖం, ఒక చేత్తో నా భుజం పట్టుకునే ఉన్నాడు.

అయితే ఆ బంతి మొదటి ఇన్నింగ్స్‌లో వచ్చింది. అప్పటికి అవతలి జట్టు ఒక్క హోమ్ రన్ కూడా వాడుకోలేదు. కొట్టిన మనిషి ఫెన్స్ దాటించగలిగినవాడూ కాదు. మా లీగులో మూడు వందల అడుగులు కొట్టగలిగేవాళ్లు జట్టుకు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లంతా పరిమితి ఉన్నా లేకున్నా మధ్యలోంచే కొడతారు. కాబట్టి పిచర్‌ను కాపాడాలంటే హోమ్ రన్ల పరిమితి ఎత్తేస్తే సరిపోదు. పిచర్‌కు ముఖానికి మాస్క్ తప్పనిసరి చేయాలి, ముందు రక్షణ తెర పెట్టాలి, ప్రతి మ్యాచికి ముందు బ్యాట్లు చూడాలి. ఈ మూడింటికీ ఆయన చెయ్యెత్తితే ఆయన పక్కన మొదటి చెయ్యి నాదే.

ఇప్పుడున్న నిబంధన లోపం లేనిదని నేను అనను. మూడు అనే అంకె అందరికీ ఒకేలా సరిపోదు. బలమైన జట్టు మొదటి ఇన్నింగ్స్‌లోనే మూడూ వాడేసి పది పరుగులు ముందుకు వెళ్లిపోతుంది. బలహీనమైన జట్టుకు ఆ మూడు సీజనంతా మిగిలే ఉంటాయి. దీనికి చాలా లీగుల్లో వాడే మార్గం ఒకటుంది, దాన్ని వన్ అప్ అంటారు. ఏ జట్టూ హోమ్ రన్లలో ఎదుటి జట్టుకన్నా ఒకటికి మించి ముందుండకూడదు. మేం ఒకటి కొట్టాక వాళ్లు ఒకటి కొట్టేదాకా మా రెండోది ఔటే. సమ ఉజ్జీలైన రెండు బలమైన జట్లు ఆడితే పది వరకైనా వెళ్లొచ్చు, ఎవరికీ నష్టం లేదు. కొత్తగా వచ్చిన జట్టుతో ఆడితే మాత్రం బంతి మైదానంలోనే ఉంటుంది. ఆ పాఠకుడు కోరుకునే స్వేచ్ఛా ఇందులో ఉంది, నేను కోరుకునే ఆటా ఇందులో ఉంది.

హద్దు దాటితే ఔట్ ఎందుకు, సింగిల్ ఇస్తే చాలదా అని మధ్యేమార్గంగా కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. సింగిల్ ఇస్తే ఎవరూ చెయ్యి వెనక్కి తీయరు. ఔట్ అవుతామంటేనే ఫీల్డర్ల మధ్య ఖాళీ కోసం చూస్తారు.

నాలుగు తెలుగు జట్ల కెప్టెన్లకూ నా విన్నపం ఒక్కటే. పరిమితి ఎత్తేయడానికి ఓటు వేయకండి. వన్ అప్ పెట్టమని, పిచర్ ముందు తెర పెట్టమని లిఖితంగా అడగండి. ఆ కాగితం మీద సంతకం చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

— ఒక పాఠకుడు, డాలస్ శివారు, టెక్సాస్