అడిగితేనే నోరు విప్పాలి!

1997 జులై 4. నాసా పంపిన పాత్‌ఫైండర్ నౌక గాలిసంచుల మీద బంతిలా ఎగిరెగిరిపడుతూ అంగారకుడి నేల మీద దిగింది. అందులోంచి సొజర్నర్ అనే ఆరు చక్రాల బండి బయటికొచ్చింది. బరువు పదిన్నర కిలోలు. ఇక్కడ భూమ్మీద ఒకటే చప్పట్లు!

ఆ సంబరం ఇంకా సద్దుమణగకముందే చిక్కు మొదలైంది. నౌకలోని కంప్యూటర్ ఉన్నట్టుండి పని ఆపేసి, మళ్లీ మొదట్నుంచి మొదలవుతోంది. అదీ ఒకసారి కాదు, పదేపదే. అప్పటికే సేకరించిన సమాచారం పోలేదు కానీ, ఆ రోజు చేయాల్సిన మిగతా పనులన్నీ మర్నాటికి వాయిదా పడుతున్నాయి. ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే పక్క వీధి కుర్రాణ్ని పిలుస్తాం. కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నదాన్ని విప్పి చూసేదెవరు?

విప్పి చూడక్కర్లేకుండానే జబ్బు దొరికింది. దొరకబుచ్చుకున్నది ఒక చిట్టా!

గుమస్తా ఉన్నాడు... పిలవాలంతే
ప్రోగ్రాము తన పని తాను మౌనంగా చేసుకుపోతుంది. ఎక్కడ తప్పు చేసిందో పైకి కనిపించదు. అందుకే దాన్ని రాసేవాళ్లు మధ్యమధ్యలో కొన్ని వాక్యాలు ఇరికిస్తారు. 'ఇక్కడిదాకా వచ్చాను', 'ఈ లెక్క ఇంత తేలింది', 'ఫలానా ఫైలు కోసం చూస్తున్నాను'... ఇలా ప్రోగ్రామే తన అడుగులు తాను చెప్పుకుంటుందన్నమాట. దీన్నే డీబగ్ సమాచారం అంటారు. నిదానంగా ఆలోచించడం, సరైన చోట ఇలాంటి వాక్యం ఒకటి పెట్టడం... తప్పులు పట్టడానికి వీటిని మించిన సాధనం లేదని బ్రయన్ కెర్నిగన్ అనే యునిక్స్ నిపుణుడు 1979లోనే చెప్పాడు.

అయితే అస్తమానం వాగే ప్రోగ్రాముతో వేగడం కష్టం. పని నెమ్మదిస్తుంది, డిస్కు నిండిపోతుంది, అసలు జవాబు ఆ సొదలో కొట్టుకుపోతుంది. పోనీ తప్పు దొరికాక ఆ వాక్యాలన్నీ పీకేద్దామా అంటే, ఆర్నెల్ల తర్వాత ఇంకో తప్పు బయటపడుతుంది. అప్పుడు మళ్లీ మొదట్నుంచి రాసుకోవాలి. అందుకే మధ్యేమార్గంగా ఒక స్విచ్ పెడతారు. మామూలుగా నడిపితే ప్రోగ్రాము నోరెత్తదు. నడిపేటప్పుడు దాని పేరు పక్కన చిన్న గీత, 'వి' అనే ఇంగ్లిషు అక్షరం చేర్చి కొడితే చాలు, గడగడా చెప్పేస్తుంది. తెలిసినవాళ్లు ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంటారు. జవాబు ఒక దారిన, ఈ కబుర్లు మరో దారిన వచ్చేలా చూస్తారు. లేకపోతే కరెంటు బిల్లు మీద గుమస్తా సొంత గోడు కూడా అచ్చయిపోదూ!

తాళంచెవి తంటా
పాత్‌ఫైండర్ ప్రోగ్రాములోనూ అలాంటి స్విచ్ ఉంది. ప్రతి పనీ ఎప్పుడు మొదలైంది, ఎవరికోసం ఆగింది అని రాసిపెట్టే చిట్టా అది. వేరే తప్పు పట్టడానికి ఎప్పుడో తయారుచేసుకున్నది. అంగారకుడి మీద దాన్ని వాడటం కుదరదు. అది రాసేదంతా భూమికి పంపడం అయ్యే పని కాదు మరి. అయినా తీసేయలేదు. పరీక్షించినదాన్నే పంపాలి, పంపేదాన్నే పరీక్షించాలి అన్నది ఆ బృందం పట్టుదల. మరచిపోయి వదిలేసింది కాదనీ, కావాలనే ఉంచామనీ నౌక సాఫ్ట్‌వేర్ బృందం నాయకుడు గ్లెన్ రీవ్స్ తర్వాత గట్టిగానే చెప్పాడు.

ప్రయోగశాలలో నౌకకు నకలు ఉంది. దాని మీద చిట్టా తెరిచి, అక్కడ చేయించిన పనులే ఇక్కడా మళ్లీ మళ్లీ చేయించారు. 18 గంటల్లోపే నకలు కూడా అదే పద్ధతిలో ఆగిపోయింది. చిట్టా తిరగేస్తే కథంతా అందులోనే ఉంది.

ఆ కథ మన ఇంటి లెక్కలో చెప్పుకోవాలంటే... బీరువాకు తాళంచెవి ఒక్కటే. అది పిల్లాడి చేతిలో ఉంది. తాతగారికి బీరువా అవసరమై, వాడొచ్చి చెవి ఇచ్చేదాకా ఆగారు. ఈలోగా చుట్టాలొచ్చారు. 'వాళ్లను ముందు పోనీరా' అని పిల్లాణ్ని గుమ్మం పక్కన నిలబెట్టేశారు. వాడు కదల్లేడు, తాతగారికి చెవి అందదు. నౌకలో పిల్లాడి స్థానంలో ఉన్నది వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని. తాతగారి స్థానంలో ఉన్నది నౌకలోని భాగాలకు సమాచారం చేరవేసే కీలకమైన పని. అది గడువులోగా పూర్తికాకపోయేసరికి, ఏదో ఘోరం జరిగిందనుకుని కంప్యూటర్ మొత్తాన్నీ మళ్లీ మొదలుపెడుతోంది.

విరుగుడు కూడా ఇంట్లోలాంటిదే. తాతగారు ఎదురుచూస్తున్నంతసేపూ పిల్లాడికీ తాతగారంత మర్యాద ఇవ్వడం! ఆ ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంది, వాడలేదంతే. మార్చాల్సిన ముక్క వరకే భూమ్మీద నుంచి పంపారు. ఆ తర్వాత కంప్యూటర్ అలా మొరాయించలేదు. ఆ సెప్టెంబరు 27న చివరిసారి పలికేదాకా పాత్‌ఫైండర్ పనిచేసింది.

తలుపు తీసి వదిలేస్తే...
అదే స్విచ్ కొంపలు ముంచిన సందర్భమూ ఉంది. ఈమెయిళ్లు చేరవేసే సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాములో డీబగ్ పద్ధతి ఒకటుండేది. అది తెరిచి ఉంటే, ఉత్తరం ఎవరికో రాయాల్సిన చోట దూరం నుంచే ఆజ్ఞలు ఇవ్వొచ్చు. పరీక్షలకు పనికొచ్చే సదుపాయమే కానీ, చాలా కంప్యూటర్లలో అది తెరిచే ఉండిపోయింది. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాము పట్టుకున్న సందుల్లో అదొకటి. దాదాపు 6,000 కంప్యూటర్లు దాని పాలబడ్డాయని అప్పటి అంచనా. మోరిస్‌కు మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి.

విచిత్రమేమిటంటే, సెండ్‌మెయిల్ రాసిన ఎరిక్ ఆల్మనే చిట్టాలు రాసుకోవడానికి సిస్‌లాగ్ అనే పద్ధతినీ తయారుచేశాడు. అందులో కబురు తీవ్రతను బట్టి ఎనిమిది మెట్లు. సున్నా అంటే ప్రాణం మీదికొచ్చినట్టు. డీబగ్ కబుర్లది అట్టడుగున ఏడో మెట్టు. ఏ మెట్టుదాకా వినాలో నడిపేవాళ్ల ఇష్టం.

ఇక ఆ చిట్టాలో ఏం రాయకూడదన్నది మరో తలనొప్పి. 2018 మేలో ట్విటర్ తన 33 కోట్లమంది ఖాతాదారులనూ పాస్‌వర్డ్ మార్చుకోమని సలహా ఇచ్చింది. ఎవరో దొంగిలించారని కాదు. గుర్తుపట్టలేకుండా మార్చకముందే పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టుగా సంస్థ సొంత చిట్టాలోకి ఎక్కిపోయాయట!