రాజస్తుతి - సత్యము

ఐరోపా ఖండపు ఉత్తరభాగమున నార్వే దేశము కలదు. దానికి పశ్చిమమున, అట్లాంటిక్ మహాసముద్రమున ఐస్‌లాండ్ ద్వీపమున్నది. నార్వే రాజుల చరిత్రలను శ్రద్ధతో వ్రాసి భద్రపరచినవారిలో ఈ ద్వీపవాసులు అగ్రగణ్యులు. వారి గద్యగ్రంథములకు ‘సాగా’లని పేరు. 1230 ప్రాంతమున స్నోరి స్టుర్లుసన్ రచించెనని పండితులు తలచు ‘హైమ్స్‌క్రింగ్లా’ వానిలో మిక్కిలి ప్రసిద్ధము.

తనకు రెండుమూడు వందల యేండ్లకు పూర్వమున్న రాజుల చేష్టలు స్నోరికెట్లు తెలిసెను? ఆ రాజుల కొలువులలో ‘స్కాల్డ్’లను కవులుండిరి. 1030లో స్టిక్‌లెస్టాడ్ యుద్ధమున ఓలాఫ్ రాజు తన కవులను డాళ్ల వరుస నడుమ నిలిపి, పోరును కన్నులార చూచి పద్యములు చెప్పుడని కోరెనని సాగా తెలుపుచున్నది. ఆ పద్యములకు మన యతిప్రాసలవంటి కట్టుబాట్లుండుటచే మాట మార్చుట సులభము కాదు. అందుచే అవి నోటినుండి నోటికి తరములు నడచి వచ్చినవి.

కొలువు కవులను నమ్మవచ్చునా యని మీకు సందేహము కలుగవచ్చును. దీనికి స్నోరి తన పీఠికలో సమాధానము చెప్పెను. రాజు చేయని కార్యమును రాజు ఎదుటనే, అందరు వినుచుండగా, చేసినట్లు చెప్పుటకు ఏ కవియు సాహసింపడనియు, అది స్తుతి గాక పరిహాసమగుననియు ఆయన వాదము.

ఈ వాదము సగమే సత్యమని నా యభిప్రాయము. లేనిది కల్పించుటకు జంకు కవి, ఉన్నది దాచుటకు జంకడు. శత్రుగ్రామమును కాల్చుట పద్యమున రాజునకు కీర్తియగును. ఇల్లు కోల్పోయినవారి గోడు అందు వినబడదు. స్నోరి గొప్పతనము పద్యములను నమ్ముటలో కంటె, వానికి మించి చూచుటలో నున్నది. లోకము పునీతుడని కొలిచిన ఓలాఫ్ రాజే, తనపై కుట్ర పన్నిన హ్రేరెక్ అను చిన్నరాజు కన్నులు తీయించెనని ఆయన దాచక వ్రాసెను.

అట్టి స్నోరి 1241లో తన యింటి నేలమాళిగలో హతుడయ్యెను. నార్వే రాజైన హాకోన్ ఆగ్రహమే దానికి మూలము. 1263లో ఆ హాకోనే ఆర్క్‌నీ దీవులలో మరణశయ్యపై నుండి, తన పూర్వరాజుల సాగాలను చదివించుకొని వినెను. ఈ విషయమును గ్రంథస్థము చేసినది ఎవరు? స్నోరి అన్న కుమారుడైన స్టుర్లా థోర్డర్‌సన్. హాకోన్ కుమారుడు మాగ్నస్ కోరగా అతడు ఆ రాజచరిత్రను రచించెను. అతడే తన దేశీయుల కథయగు ‘ఇస్లెండింగ సాగా’లో పినతండ్రి హత్యను విపులముగా వర్ణించెను. రాజు కొరకు వ్రాసిన గ్రంథమొకటి, తనవారి కొరకు వ్రాసినది వేరొకటి. రెంటిని చదివినవానికే హాకోన్ పూర్ణరూపము గోచరించును.

బాలబాలికలారా! ఏ ప్రభువు చరిత్రనైనను ఒక్క గ్రంథము చూచి తీర్పు చెప్పకుడు. పొగడువాడు ఎవరి ముంగిట నిలిచి పలుకుచున్నాడో, ఎవరి గోడు అందు వినబడలేదో విచారింపుడు. సత్యమునకు దారి అదియే.