సరంగు వద్దన్న రోజు

హైదరాబాదు నుంచి అండమాన్ చేరిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తాతగారు, నాయనమ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ల ప్రయాణం. నాలుగవనాడు ఒక పడవను తమకోసమే మాట్లాడుకున్నారు. బయానా ఇచ్చారు. ఇష్టమైన చోట ఆగడం, ఇష్టమైనంతసేపు ఉండడం, చీకటి పడకముందే తిరిగిరావడం - ఇదీ ఏర్పాటు. పులిహోర పొట్లాలు కట్టుకున్నారు. పిల్లలు తెల్లవారకముందే లేచి కూర్చున్నారు. తీరా జెట్టీ దగ్గరకు చేరేసరికి, పడవ నడిపే సరంగు ఆకాశంవంక ఒకసారి, నీటివంక ఒకసారి చూసి, "ఈయేళ వద్దు బాబూ, రేపు సూద్దాం" అన్నాడు.

ఎండ కాస్తున్నది. రేవులో నీరు పళ్లెంలో పోసినట్టు కదలక ఉన్నది. రేపు మధ్యాహ్నమే విమానం. కొడుకు ఏమనాలి?

సొంతంగా పడవ మాట్లాడుకుని దీవుల మధ్య తిరగాలన్న ముచ్చట ఇటీవల మనవారిలోనూ మొలకెత్తింది. దీనికి పుట్టినిల్లు అనదగినది కరీబియన్ సముద్రం. అక్కడి బ్రిటిష్ వర్జిన్ దీవులలో, టోర్టోలా కేంద్రంగా, తెరచాప నావలను కుటుంబాలకు అద్దెకిచ్చే వ్యాపారం 1969 నుంచి వేళ్లూనుకున్నది. నావ నడపడంలో అనుభవమున్న తండ్రి గాని, తల్లి గాని ఉంటే చాలు. సరంగు లేకుండానే నావను అప్పగిస్తారు. వారం రోజులపాటు అదే ఇల్లు, అదే వంటిల్లు. ఒక రాత్రి ఒక దీవి ఒడ్డున లంగరు, మరునాటి రాత్రి మరొక దీవి ఒడ్డున. సముద్రాన్ని ఆటస్థలంగా మార్చుకోగలగడానికి అక్కడ ప్రకృతి చేసిన సాయం చాలా ఉన్నది. దీవులు ఒకదానికొకటి కనుచూపు మేరలో ఉంటాయి. వాటి నడుమ నీరు చాలావరకు మరుగున ఉంటుంది. తూర్పుగాలి ఏడాదిలో అధికభాగం నమ్మకంగా వీస్తుంది. అంత అనువైన చోటనైనా, సూర్యుడు అస్తమించాక నావ కదపరాదని అద్దెకిచ్చేవారు షరతు పెట్టడం రివాజు. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను వచ్చినప్పుడు ఆ రేవులలోని నావలు అగ్గిపుల్లల్లా ఒకదానిపై ఒకటి కుప్పపడ్డాయి.

పటంలో చూస్తే అండమాన్, నికోబార్ దీవులు అంతకంటే గొప్ప విహారస్థలంగా కనిపిస్తాయి. చిన్నా పెద్దా దీవులు, రాతిదిబ్బలు కలిపి 836. వాటిలో మనుషులు నివసించేవి 31 మాత్రమే. మిగిలినవన్నీ నిర్జనాలు, తెల్లని ఇసుక, పచ్చని అడవి. ఇక కావలసిందేమిటి అనిపిస్తుంది. అయితే ఇక్కడ సముద్రంలో గీతలున్నాయి. అవి నీటిపైన కనిపించవు. నికోబార్ దీవులు సాధారణ యాత్రికులకు తెరిచినవి కావు. ఉత్తర సెంటినెల్ దీవికి ఐదు నాటికల్ మైళ్ల లోపలికి ఏ పడవా పోరాదు. బయటి మనుషులను దరిచేరనివ్వని సెంటినెలీయుల స్థానం అది. 2006లో రాత్రివేళ లంగరు నిలవక పడవ కొట్టుకుపోయి ఆ ఒడ్డుకు చేరిన ఇద్దరు జాలరులు ప్రాణాలు కోల్పోయారు. 2018 నవంబరులో కావాలనే అక్కడికి వెళ్లిన ఒక అమెరికన్ యువకుడికీ అదే గతి పట్టింది. బయటివారి రోగాలకు తట్టుకునే శక్తి ఆ జనానికి లేదు కనుక, ఆ గీత ఇరుపక్షాల ప్రాణరక్షణకూ గీసినదే. దక్షిణ, మధ్య అండమాన్ పడమటి తీరంలో జరవాల అడవి ఉన్నది, అదీ నిషిద్ధమే. వండూరు దగ్గర 1983లో ఏర్పడిన సముద్ర జాతీయ వనంలో జాలీబాయ్ దీవికి పోవాలన్నా అనుమతి చీటీ కావాలి. ప్లాస్టిక్ సంచులు వెంట రానివ్వరు. థాయిలాండులోని ఫుకెట్ వైపునుంచి వచ్చే విదేశీ విహారనౌకలు సైతం ముందు రేవుకు వచ్చి కాగితాలు చూపించుకుని, ఎక్కడ తిరుగుతున్నదీ రేవు అధికారులకు తెలియజేస్తూ ఉండవలసిందే.

అందుచేత మన కుటుంబానికి చుక్కాని చేతికి రాదు. డుంగీ అని అక్కడివారు పిలిచే ఇంజను పడవో, కాస్త పెద్ద మోటారు బోటో సరంగుతో సహా మాట్లాడుకోవాలి. అది లోపమేమీ కాదు. ఆ సరంగు తెలుగువాడు కావడానికి అవకాశం కూడా తక్కువేమీ లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో ప్రతి నూరుమందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం మనదే. వీరిలో అధికసంఖ్యాకులు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుంచి వచ్చిన కుటుంబాలవారు. 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉండికూడా పెద్ద చేపల రేవుకు నోచుకోని జిల్లా శ్రీకాకుళం. అక్కడి గంగపుత్రులు పొట్ట చేతపట్టుకుని గుజరాతు దాకా పోయినవారు. బంగాళాఖాతం దాటి అండమానుకు రావడం వారికి వింత కాదు. మిగిలిన తెలుగుదేశానికి అండమాన్ అంటే ద్వీపాంతరవాసం. 1922-24 నాటి రంప పోరాటయోధులను పంపించిన చోటు, సెల్యులార్ జైలు. అదే నీటిని దాటి శ్రీకాకుళపు జాలరి తనంత తానుగా బతుకుదెరువుకు వచ్చాడు. జంగ్లీఘాట్ రేవులో తెల్లవారుజామున చేపల బేరం జరిగేటప్పుడు చెవి ఒగ్గి నిలబడితే, హిందీ మాటల మధ్యనుంచి టెక్కలి యాస తొంగిచూస్తుంది.

అటువంటి మనిషి వద్దన్నప్పుడు ఏమి చూసి అన్నాడన్నది ఆలోచించవలసిన విషయం. కొడుకు ఊరుకోలేదు. "ఎండ కాస్తున్నది కదయ్యా, నీరు కూడా నిలకడగానే ఉంది. కావాలంటే ఇంకాస్త ఎక్కువిస్తాం" అన్నాడు. "డబ్బుల మాట కాదు బాబూ. లోపల బాగానే ఉంది. బయట బాగా నేదు" అని సరంగు జవాబు.

లోపల, బయట - కిటుకంతా ఈ రెండు మాటలలోనే ఉన్నది. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ రేవు ముఖద్వారంలో రాస్ దీవి అడ్డుగోడలా నిలిచి ఉంటుంది. (దీనికీ 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టారు, జెట్టీలో మాత్రం రాస్ అంటేనే అందరికీ తెలుస్తుంది.) ఆ చాటున నిలబడి చూసేవాడికి సముద్రం పెంపుడు ఆవులా కనిపిస్తుంది. దీవి కొస దాటగానే దూరంనుంచి వచ్చే అల నేరుగా పడవ పక్కకు తగులుతుంది. పాటునీరు బయటికి లాగుతున్న వేళ గాలి ఎదురుగా లోపలికి కొట్టిందంటే అల పరుచుకోక నిట్టనిలువుగా లేస్తుంది. పెద్ద ఓడకు అది లెక్కలోనిది కాదు. ఇరవైమంది కూర్చునే బోటుకు అది గోడ. తెల్లవారుజామున బయటినుంచి తిరిగివచ్చిన చేపల పడవలవారు ఏమి చెప్పారో కూడా సరంగు విని ఉంటాడు. ఎండ కాస్తున్నదన్న మాట వీటిలో దేనికీ సమాధానం కాదు.

2014 జనవరి 26 కూడా సెలవురోజే. ఆనాడు రాస్ దీవి, నార్త్‌బే ప్రాంతంలో యాత్రికులతో పోతున్న ఒక బోటు తిరగబడింది. పాతిక మందికి సరిపోయే ఆ బోటులో నలభైమందికి పైగా ఎక్కారు. ఇరవైమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది తమిళనాడులోని కాంచీపురం నుంచి బృందంగా వచ్చినవారు. జరిగింది నడిసముద్రంలో కాదు. ఒడ్డున ఉన్న పట్నానికి కనిపించేంత దగ్గరలో. యాత్రికులందరూ తప్పక చేసే అతి చిన్న ప్రయాణం అది.

జనం ఎక్కువైన బోటు ఎందుకు తిరగబడుతుందో తెలుసుకోవడానికి నౌకాశాస్త్రం చదవనక్కరలేదు. బరువు పెరిగినకొద్దీ బోటు అంచుకూ నీటికీ మధ్య దూరం తరిగిపోతుంది. అల లోపలికి చిమ్ముతుంది. లోపల చేరిన నీరు చదునుగా ఉండదు. బోటు ఎటు ఒరిగితే అటే పరుగెడుతుంది, ఒరుగును ఇంకా పెంచుతుంది. భయపడిన జనం కూడా లేచి ఒకే వైపుకు పోతారు. అప్పటికి సరంగు ఎంతటివాడైనా చేయగలిగింది ఏమీ మిగలదు. అతను చేయగలిగిన పని ఒడ్డున ఉండగానే చేయాలి. అది వద్దనడం.

మనకు ఇది దూరపు కథ కాదు. 2019 సెప్టెంబరు 15న పోశమ్మగండి నుంచి పాపికొండలకు బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. గోదావరి వరదలో ఉన్నది. ఆదివారం, సెలవు. బోటులోని 77 మందిలో బయటపడినవారు 26 మందే. నదిగర్భంలో చిక్కుకున్న ఆ బోటును కాకినాడ ధర్మాడి సత్యం బృందం సంప్రదాయ పద్ధతిలో తాళ్లు, లంగర్లు వేసి అక్టోబరు 22న ఒడ్డుకు లాగింది. నీటి సంగతి ఎరిగినవారిని పిలవడం జరిగింది; పిలిచింది బోటు మునిగిన తరువాత.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ అండమానులోనే ఉన్నది. 2016 డిసెంబరులో వాయుగుండం పట్టి ఓడల రాకపోకలు ఆగిపోయినప్పుడు హావ్‌లాక్, నీల్ దీవులలో రెండువేలకు పైగా యాత్రికులు చిక్కుకున్నారు. విమానాలు తప్పిపోయాయి. ఆనాటి పత్రికలనిండా వారి ఇక్కట్లే. రెండు మూడు రోజులకు సముద్రం నెమ్మదించగానే నావికాదళ నౌకలు, తీరరక్షక దళంవారు వారిని తీసుకువచ్చారు. ఓడ ఆగిపోయినందుకు తిట్టుకున్నవారంతా ఇళ్లకు చేరారు.

నిజానికి మన కుటుంబం చేసిన పొరపాటు జెట్టీ దగ్గర జరిగినది కాదు. హైదరాబాదులో టికెట్లు కొన్ననాడే జరిగింది. పడవ ప్రయాణాన్ని చివరి రోజున పెట్టుకున్నవారికి రేపు అనేది ఉండదు. రేపు లేనివాడి చెవికి "రేపు చూద్దాం" అన్న మాట ఎక్కదు. అతను బేరమాడతాడు, కోప్పడతాడు, లేదా తలూపే మరొక బోటు వెతుక్కుంటాడు. అటువంటి బోటు ఏ రేవులోనైనా ఒకటి దొరుకుతుంది. అదే పడవరోజును మొదట పెట్టుకుని, జైలు, మ్యూజియం, చాథంలోని 1883 నాటి కోతమిల్లు వంటి కదలని వాటిని చివరకు ఉంచుకుంటే, సరంగు మాట వినడానికి ఖర్చేమీ ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం చాలావరకు అనుకూలమే కనుక, ఒక రోజు వాయిదా వేస్తే సాధారణంగా సరిపోతుంది.

బయలుదేరిన రోజున కూడా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఎందరు ఎక్కవచ్చునో బోటుమీదే రాసి ఉండాలి. ఆ సంఖ్యను చదవడానికి, తలలు లెక్కపెట్టడానికి పదేళ్ల పిల్లవాడు చాలు. ఆ పని వాడికే అప్పగిస్తే సంతోషంగా చేస్తాడు. ప్రాణరక్షణ కవచాలు మూల కుప్పపోసి ఉంటే లేనట్టే. పెద్దవారి కవచంలో పిల్లవాడు నీటిలో పడితే కవచం పైకి తేలి పిల్లవాడు కిందికి జారిపోతాడు. పిల్లల కొలతవి అడిగి కట్టించాలి. ఇక వృద్ధులకు అసలు గండం సముద్రంలో కాదు, పడవనుంచి జెట్టీమీదికి వేసే ఒక్క అడుగులో. పడవ లేచినప్పుడు కాలు పెట్టాలి, పడినప్పుడు కాదు. ఎప్పుడన్నది సరంగు చెబుతాడు. ఆ ఒక్క క్షణం నాయనమ్మగారు కొడుకు మాటకంటే అతని మాట వినడం మంచిది.

జెట్టీ దగ్గర బేరం చివరకు తాతగారి మాటతో ముగిసింది. "వద్దన్నవాడి పడవే ఎక్కదగ్గ పడవరా. మళ్లీ వచ్చినప్పుడు ఇతనినే అడుగుదాం" అన్నారాయన. కొడుకు ముఖం చిన్నబోయింది. బయానా సగం తిరిగి వచ్చింది. మిగిలిన సగం గురించి కోడలు ఏమనుకున్నదో పైకి చెప్పలేదు. నాయనమ్మ మాత్రం పులిహోర పొట్లం ఒకటి సరంగు చేతిలో పెట్టి, "మీదే ఊరు నాయనా?" అని అడిగింది. "మా తాతది భావనపాడు తల్లీ. నేను పుట్టింది ఇక్కడే. ఆ ఊరు సూడనేదు" అన్నాడు.

మధ్యాహ్నం వారు సెల్యులార్ జైలు మేడమీదికి ఎక్కారు. అక్కడినుంచి నీటికి ఆవల నార్త్‌బే కొండ, దానిమీద దీపస్తంభం కనిపిస్తాయి. పాత ఇరవై రూపాయల నోటు వెనుకవైపున ఉండే బొమ్మ ఆ తీరానిదే. తాతగారు పర్సులోనుంచి నలిగిన నోటు ఒకటి తీసి ఇచ్చారు. పిల్లలిద్దరూ దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒక కన్ను మూసి, బొమ్మలోని కొబ్బరిచెట్లు ఎక్కడున్నాయా అని వెతకసాగారు. గాలికి నోటు రెపరెపలాడుతున్నది. గట్టిగా పట్టుకోమని తల్లి కేక వేసింది.