మోడుకు పూసిన పువ్వు దాహానికి గుర్తు కాదు

చలికాలంలో ఎడీనియం ఆకులన్నీ రాల్చి మోడులా నిలబడుతుంది. ఒక్కోసారి ఆ మోడు కొమ్మల చివరే గులాబీ రంగు పూలు విచ్చుకుంటాయి. మొక్క నిద్ర లేచిందనుకుని పెంచేవారు సంబరంగా కుండీ నిండా నీళ్లు పోస్తారు, గుప్పెడు ఎరువు కూడా వేస్తారు. కొన్నాళ్లకు ఉబ్బిన మొదలు మెత్తబడి కుళ్లిపోతుంది. తెగులు సోకిందని బాధపడతారు గానీ, చాలా సందర్భాల్లో అసలు కారణం ప్రేమతో పోసిన ఆ నీళ్లే. పువ్వును చూసి నీళ్లు పోసే అలవాటు మానుకోవాలి. ఆకును, మొదలును, మట్టిని చూసి నిర్ణయించుకోవాలి.

ఎడారి గులాబీ అని పిలిచే ఎడీనియం మన గన్నేరు కుటుంబానికి చెందినదే. సహారాకు దక్షిణాన ఉన్న సహేల్ ప్రాంతం, తూర్పు ఆఫ్రికా, అరేబియా దీని పుట్టిల్లు. అక్కడ నెలల తరబడి వాన ఉండదు. ఆకుల ద్వారా నీరు ఆవిరైపోకుండా మొక్క వాటిని రాల్చేస్తుంది. కాండంలో దాచుకున్న నీటితో, పిండిపదార్థంతో కాలం గడుపుతుంది. ఈ విశ్రాంతినే సుప్తావస్థ అంటారు. ఆ నిల్వలే పువ్వుకూ పెట్టుబడి. మన అడవుల్లో మోదుగ, బూరుగ చెట్లు ఆకులు రాల్చాక పూయడం అందరూ చూసేదే. ఎడీనియం కూడా ఆకుల్లేకుండా పూయగలదు. కాబట్టి పువ్వు కనిపించినంత మాత్రాన వేళ్లు పనిలోకి దిగాయని అనుకోకూడదు.

మొక్క నీటిని పైకి లాగడంలో ప్రధాన పాత్ర ఆకులదే. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే కింద వేళ్లు మట్టిలోని నీటిని పీల్చుకుంటాయి. ఆకులు లేనప్పుడు ఆ లాగుడు దాదాపు ఆగిపోతుంది. పొడి కాలంలో సన్నని పీచు వేళ్లు చాలావరకు ఎండిపోయి ఉంటాయి కూడా. అప్పుడు పోసిన నీరు చల్లని మట్టిలో రోజుల తరబడి నిలిచిపోతుంది. వేళ్లకు గాలి ఆడదు. కుళ్లు కలిగించే సూక్ష్మజీవులకు అంతకంటే మంచి చోటు దొరకదు.

అలాగని చలికాలమంతా నీళ్లు పూర్తిగా ఆపేయాలనే సూత్రమూ అన్నిచోట్లా పనికిరాదు. సుప్తావస్థను నిర్ణయించేది క్యాలెండర్ కాదు. ఉష్ణోగ్రత, వెలుతురు, తేమ కలిసి నిర్ణయిస్తాయి. ఆదిలాబాద్‌లో చలి రాత్రులు 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోతాయి. విశాఖ తీరంలో అంత చలి ఉండదు. ఒకే రకం మొక్క ఒక ఊళ్లో మోడైపోతే, మరో ఊళ్లో ఆకులతోనే ఉండవచ్చు. రెండింటికీ ఒకే సలహా ఎలా సరిపోతుంది?

మొక్క రకాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. క్రిస్మస్ కాక్టస్ పుట్టిల్లు బ్రెజిల్ కొండ అడవులు. రాత్రులు పొడవై, వాతావరణం చల్లబడినప్పుడు అది మొగ్గ తొడుగుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న బ్రెజిల్‌లో అలాంటి రోజులు మే నెల ప్రాంతంలో వస్తాయి, అందుకే అక్కడ దాన్ని మే పువ్వు అంటారు. మన దగ్గర నవంబరు, డిసెంబరుల్లో పూస్తుంది. ఇది ఎడారి మొక్క కాదు. మొగ్గ మీద ఉన్నప్పుడు దీన్ని ఎడీనియంలా ఎండబెడితే మొగ్గలు రాలిపోతాయి. సక్యులెంట్లన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చే నష్టం ఇదే.

చలిలో పూసిన ఎడీనియం విషయంలో చేయాల్సింది చాలా తక్కువ. ముందు మొదలును వేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే నీటి అవసరం లేదు. కొద్దిగా ముడతలు పడినా గట్టిగానే ఉంటే, ఎండ కాసే రోజున ఉదయం కొద్దిగా నీళ్లిస్తే చాలు. మళ్లీ మట్టి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. మెత్తగా, జావలా తగిలితే అది కుళ్లు. నీళ్లు వెంటనే ఆపి, కుళ్లిన భాగాన్ని కోసేసి, మొక్కను ఆరబెట్టాలి. ఎడీనియం పాలు విషం. ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. కాబట్టి కోసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి. కొమ్మల చివర కొత్త ఆకులు కనబడ్డాకే నీళ్లు క్రమంగా పెంచాలి, ఎరువు మొదలుపెట్టాలి.

అకాలంలో వచ్చిన పువ్వును తుంచేయాలని కొందరు గట్టిగా చెబుతారు. మొదలు నిండుగా ఉన్న మొక్కకు నాలుగు పూలు భారం కావు. వాటిని ఉంచి చూసుకోవచ్చు. బక్కచిక్కిన మొక్క, కొత్తగా కుండీ మార్చిన మొక్క అయితే తుంచడమే మేలు. కొమ్ముల్లా జంటగా వచ్చే కాయలను అసలే ఎదగనివ్వకూడదు. విత్తనాలకు పువ్వుకన్నా ఎక్కువ నిల్వలు ఖర్చవుతాయి.

నర్సరీలు మొక్కతో పాటు ఇచ్చే చీటీల మీద వారానికి ఇన్నిసార్లు నీళ్లు అని రాస్తే సరిపోదు. ఆకులు రాలితే ఏం చేయాలో, మొదలు మెత్తబడితే ఏం చేయాలో రెండు ముక్కలు రాయాలి. కొనేవారు కూడా అది అడగాలి. మొక్క ఏ స్థితిలో ఉందో పోల్చుకోగలిగితే ఏ ఊళ్లోనైనా, ఏ నెలలోనైనా దాన్ని బతికించుకోవచ్చు.