ఖాళీ మంచానికీ టికెట్ కొట్టాల్సిందే!

మీ వాట్సాప్‌లో 'గోవా ప్లాన్' పేరుతో ఎన్ని గ్రూపులున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ఒకడికి లీవ్ దొరకదు. ఇంకొకరికి సరిగ్గా అదే వారం పెళ్లిచూపులు. అన్నీ కుదిరాక మూడోవాడు 'సారీ మామా' అని మెసేజ్ పెడతాడు. అందుకే ఈమధ్య చాలామంది ఎవరికోసమూ ఆగకుండా ఒంటరిగానే బ్యాగ్ సర్దేస్తున్నారు. వాళ్లలో కొందరి కన్ను ఇప్పుడు క్రూజ్ మీద పడింది.

మొదటి సోలో ట్రిప్‌కి క్రూజ్ మంచి ఎంపికే. గది, భోజనం, ఊరి నుంచి ఊరికి ప్రయాణం అన్నీ ఒకే టికెట్‌లో వచ్చేస్తాయి. తెలియని ఊళ్లో అర్ధరాత్రి ఆటో వెతుక్కునే బాధ లేదు. కానీ ఒక్క విషయం. ఈ వ్యాపారం మొత్తం జంటల్ని, కుటుంబాల్ని లెక్కలో పెట్టుకుని నడుస్తుంది. అందులోకి ఒక్కరే వెళితే రెండో మనిషి ఖర్చూ మీదే, రెండో మనిషి పనీ మీదే. ఈ రెండూ ముందే తేల్చుకుంటే మిగతాదంతా సులువు.

ఎక్కడి నుంచి ఎక్కాలి?

మన దేశంలో అయితే కార్డీలియా వాళ్ల 'ఎంప్రెస్' ఉంది. 1990లో తయారైన ఈ ఓడ, 2021 సెప్టెంబర్ నుంచి ముంబయి కేంద్రంగా తిరగడం మొదలుపెట్టింది. గోవా, లక్షద్వీప్ వైపు వెళ్తుంది. చెన్నై నుంచి శ్రీలంకకూ నడిపారు. 2022 జూన్‌లో మొదటిసారి మన విశాఖకు వచ్చింది. ఆ మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో ప్రత్యేకంగా క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అయితే ఓడ ఏడాది పొడవునా ఒకే రేవులో ఉండదు. సీజన్‌ని బట్టి తీరం మారుస్తుంది. కాబట్టి ముందు ఓడ ఏ నెలలో ఎక్కడుంటుందో చూసుకుని, తర్వాత లీవ్ అప్లై చేయండి.

నెల కూడా ముఖ్యమే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అరేబియా సముద్రం రుతుపవనాలతో ఊగిపోతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం.

పాస్‌పోర్ట్ ఉంటే సింగపూర్ ఇంకో దారి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ లాంటి చోట్లకు మూడు, నాలుగు రాత్రుల ట్రిప్పులుంటాయి. ఏది ఎంచుకున్నా మొదటిసారి నాలుగు రాత్రులు దాటొద్దు. ఓడ మీకు పడుతుందా లేదా అన్నది తేలడానికి అంత చాలు.

ఖాళీ మంచం లెక్క

ప్రకటనలో కనిపించే ధర పక్కన చిన్న అక్షరాల్లో 'ట్విన్ షేరింగ్' అని ఉంటుంది. అంటే గదిలో ఇద్దరుంటే మనిషికి పడే ధర. ఒక్కరే ఉంటే 'సింగిల్ సప్లిమెంట్' వేస్తారు. ఉదాహరణకి మనిషికి 20,000 రూపాయలు అనుకుందాం. సప్లిమెంట్ 50 శాతమైతే మీకు 30,000. వంద శాతమైతే 40,000. అంటే పక్కన ఖాళీగా ఉన్న మంచానికి కూడా ఫుల్ టికెట్ అన్నమాట! పోర్ట్ చార్జీలు, సిబ్బందికిచ్చే గ్రాట్యుటీ మాత్రం మామూలుగా తలకింత అని వేస్తారు. బిల్లులో అవి కూడా రెట్టింపై కనిపిస్తే ఎందుకని అడగండి.

ఒంటరివాళ్ల కోసమే కట్టిన గదులూ ఉన్నాయి. 2010లో నార్వేజియన్ ఎపిక్ అనే ఓడలో 128 'స్టూడియో' గదులు పెట్టారు. ఒక్కోటి సుమారు వంద చదరపు అడుగులు. వాటిలో ఉండేవాళ్లు కలుసుకోవడానికి విడిగా ఒక లాంజ్ కూడా ఇచ్చారు. ఇలాంటివి కొన్ని ఓడల్లోనే ఉంటాయి, అవీ తొందరగా అయిపోతాయి.

అవి దొరక్కపోతే? సముద్రం వైపు బాల్కనీ మీద మోజు తగ్గించుకుని, కిటికీ లేని ఇంటీరియర్ గదికి సప్లిమెంట్ కట్టడం తెలివైన బేరం. గదిలో ఉండేది నిద్రకే కదా, సముద్రం చూడ్డానికి డెక్ అంతా మీదే. కింది అంతస్తుల్లో, ఓడ మధ్యభాగంలో గది తీసుకుంటే ఊపు తక్కువగా తెలుస్తుంది. 'గ్యారెంటీ కేబిన్' అని తక్కువకి ఇస్తే మాత్రం ఆలోచించండి. గది నంబర్ వాళ్లిష్టం, ఓడ చివర్లో ఇచ్చినా కాదనలేరు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు డాక్టర్‌ని అడిగి మాత్రలు వెంట ఉంచుకోవాలి. వాంతులు మొదలయ్యాక కాదు, ముందే వేసుకుంటేనే పనిచేస్తాయి.

రెండో మనిషి పనులు

ఇద్దరు వెళితే ఒకరు మర్చిపోయింది ఇంకొకరు గుర్తుచేస్తారు. సోలోలో ఆ సౌకర్యం లేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అంటాం. ఆ ఒక్కటి ఆగితే అన్నీ ఆగుతాయి. కాబట్టి బ్యాకప్ మీరే పెట్టుకోవాలి.

మొదటిది కాగితాలు. పాస్‌పోర్ట్ గడువు కనీసం ఆరు నెలలు ఉండాలి. సింగపూర్ నుంచి బయల్దేరి మళ్లీ సింగపూర్‌కే వస్తారు కాబట్టి, వీసా ఒకటికి మించి ఎంట్రీలు ఇచ్చేదా కాదా చూసుకోండి. కాపీలు ఫోన్‌లో ఒక సెట్, బ్యాగ్‌లో ఒక సెట్, ఇంట్లో ఒక సెట్. ఓడలో డాక్టర్ ఉంటాడు కానీ ఫీజు గట్టిగానే ఉంటుంది. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు క్రూజ్‌కి వర్తిస్తుందా అని అడిగి మరీ తీసుకోండి.

రెండోది గడియారం. ఓడ ఎవరికోసమూ ఆగదు. అదే రోజు పొద్దున విమానం దిగి సాయంత్రం ఓడెక్కుదామనే లెక్క వద్దు, ముందురోజే చేరండి. మధ్యలో రేవుల్లో దిగినప్పుడు ఇంకో తిరకాసుంది. ఫుకెట్ టైమ్ సింగపూర్ కంటే గంట వెనక. ఓడ సింగపూర్ టైమే పాటిస్తుంటే, అక్కడ మీ ఫోన్ తనంతట తాను మారిపోయి నాలుగు చూపిస్తున్నప్పుడు ఓడలో ఐదు అవుతుంది! చేతికి మామూలు వాచీ ఒకటి పెట్టుకుని, దిగేముందు ఓడ టైమ్‌కి సరిచేసుకోండి. ఓడవాళ్ల టూర్‌లో వెళ్లి ఆలస్యమైతే సాధారణంగా ఆగుతారు. సొంతంగా తిరిగితే ఆ పూచీ ఉండదు.

మూడోది డ్రిల్. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి భద్రతా డ్రిల్ ఇంకా జరగనేలేదు. ఆ తర్వాత నిబంధన మారింది. 2015 నుంచి ఓడ కదిలేముందు గానీ, కదిలిన వెంటనే గానీ డ్రిల్ జరిపి తీరాలి. సెల్ఫీ హడావుడిలో దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గది నుంచి మీ మస్టర్ స్టేషన్ దాకా ఒకసారి నడిచి చూడండి. నిద్రలో ఉంటే తట్టి లేపడానికి పక్కన ఎవరూ ఉండరు కదా.

సాయంత్రం ఏడు తర్వాత...

అసలు పరీక్ష భోజనాల దగ్గర. చుట్టూ కుటుంబాలు, మధ్యలో మీరొక్కరే. అలా ఉండటం ఇష్టమైతే బఫేలో హాయిగా తినేయండి. లేదంటే పెద్ద రెస్టరెంట్‌లో 'షేరింగ్ టేబుల్' అడగండి. చాలా ఓడల్లో సోలోగా వచ్చినవాళ్లు కలుసుకోవడానికి రోజువారీ షెడ్యూల్‌లో ఒక టైమ్ పెడతారు. మొదటిరోజే వెళ్లండి. మూడోరోజుకి ఎవరి జట్టు వాళ్లకి కుదిరిపోతుంది.

కబుర్లు ఎన్నయినా చెప్పండి, గది నంబర్ మాత్రం చెప్పొద్దు. ఒంటరిగా వచ్చానని ప్రతివాళ్లకీ చెప్పాల్సిన పనీ లేదు. లోపలికి వెళ్లగానే తలుపు గడియ పెట్టుకోండి. గది తాళంగా ఇచ్చే కార్డుతోనే ఓడలో కొన్నవన్నీ మీ ఖాతాలో పడతాయి. అది పర్సుతో సమానం.

ఓడ కదలగానే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. నడిసముద్రంలో పట్టే సిగ్నల్ ఓడ శాటిలైట్‌ది. మామూలు రోమింగ్ ప్యాక్ దానికి వర్తించకపోతే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

ఇక మిగిలింది ఇల్లు. 'ఒక్కడివే ఎందుకురా', 'ఒక్కదానివే సముద్రం మీదకేంటే' అని అమ్మ అడుగుతుంది. అది వద్దని కాదు, భయం. భయానికి వాదన మందు కాదు, వివరాలు మందు. ఏ రోజు ఏ రేవులో ఉంటారు, బుకింగ్ నంబర్, కంపెనీ ఎమర్జెన్సీ ఫోన్ నంబర్ ఒక పేజీలో రాసి ఇంట్లో ఇవ్వండి. ఏ గంటల్లో ఫోన్ కలవదో కూడా అందులోనే రాయండి. ఆ పేజీ తడుముకోకుండా రాయగలిగారంటే మీ ప్లానింగ్ అయిపోయినట్టే. రాయలేకపోతే, డబ్బు కట్టేముందు ఇంకో రెండు రోజులు ఆగండి.