బంతికి ముందు బువ్వ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల పిల్లలకు ఫుట్‌బాల్ అబ్బదని తీర్పు చెప్పే పెద్దలకు ఒక మాట. 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మావంటి బడిపంతులే. అందులో మధ్యస్థానమున ఆడిన నూర్ మహమ్మద్ 1952, 1956 ఒలింపిక్సులలో ఆడాడు. ఆ ఆటగాళ్ళకు పోలీసు కొలువు అన్నం పెట్టింది.

మరి ఈ కాలమో? రెండవ శ్రేణి ఐ-లీగులో శ్రీనిధి దక్కన్ 2022-23, 2023-24లలో రెండవ స్థానమున నిలిచినా పైమెట్టు ఎక్కలేదు. మొదటివారికే ద్వారం తెరిచారు. గోలు కొట్టినవానికి చప్పట్లు సరే, నడుమ నిలిచి బంతి అందించినవానికి భరోసా ఏది? ఇక మా ఊరి పేదపిల్లవాడు ఏ ధైర్యంతో మైదానంలో దిగాలి?

లోపం కాళ్ళలో లేదు. శిక్షకుని పంపండి, కొలువు చూపండి. ఆపైన తీర్పు చెప్పండి.